వంకర ప్లాటు కొంటున్నారా? బయానా ఇచ్చేముందు సెట్‌బ్యాక్ లెక్క చూసుకోండి

ఊరి నుంచి ఫోన్ వస్తుంది. "మంచి ప్లాటు దొరికింది, 200 గజాలు. పక్క ప్లాట్ల కన్నా గజానికి తక్కువే చెప్తున్నారు. కొంచెం క్రాస్ ఉంది, అంతే. రేపటికి బయానా ఇవ్వాలట." మీరు దుబాయ్‌లోనో, దోహాలోనో, కువైట్‌లోనో డ్యూటీ దిగి క్యాంపుకు వచ్చి కూర్చుని ఉంటారు. వాట్సాప్‌లో ఒక వీడియో వస్తుంది. రాళ్ళు పాతిన ఖాళీ నేల, చుట్టూ గడ్డి. ఆ వీడియోలో 200 గజాలు కనపడతాయి కానీ అందులో ఇల్లు ఎంత లేస్తుందో కనపడదు.

ఆ "కొంచెం క్రాస్" ఖరీదు ఎంతో ఇంటి ప్లాన్ గీయించే రోజు వరకు చాలామందికి తెలియదు. అప్పటికే రిజిస్ట్రేషన్ ఐపోయి ఉంటుంది. అందుకే ఈ లెక్క బయానాకు ముందే వేసుకోవాలి. పెద్ద చదువు అక్కర్లేదు, ఒక కాగితం, పెన్సిల్, స్థలం కొలతలు చాలు.

ఇక్కడ చెప్పేవి తెలంగాణలో మున్సిపాలిటీలు, కార్పొరేషన్లు, పట్టణాభివృద్ధి సంస్థల పరిధికి వర్తించే 2012 బిల్డింగ్ రూల్స్ లెక్కలు. జీవో నంబర్ 168 అని ఇంజనీర్లు చెప్పేది దీన్నే. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో వచ్చిన జీవో 119 రూల్స్ ఉన్నాయి. లెక్క కట్టే పద్ధతి ఇదే కాబట్టి కడప, గోదావరి జిల్లాల వాళ్ళు అంకెలు మాత్రం ఆ పట్టికలోంచి తీసుకోవాలి. పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలోకి రాని పల్లెలో కడితే పంచాయతీ నిబంధనలు వేరు. రూల్స్‌కు మధ్యమధ్యలో సవరణలు వస్తుంటాయి. ప్లాన్ పెట్టే రోజున ఏ అంకె అమల్లో ఉందో ఇంజనీరును అడగండి.

అంకె ఎక్కడి నుంచి వస్తుంది

సెట్‌బ్యాక్ అంటే మీ హద్దు నుంచి మీ గోడ వరకు ఖాళీగా వదలాల్సిన జాగా. ఎంత వదలాలన్నది మూడు విషయాల మీద ఆధారపడుతుంది: స్థలం ఎన్ని చదరపు మీటర్లు, ముందున్న రోడ్డు ఎంత వెడల్పు, ఇల్లు ఎంత ఎత్తు. స్థలం ఆకారం ఈ మూడింటిలో లేదు. చతురస్రమైనా, త్రికోణమైనా విస్తీర్ణం ఒకటే ఐతే సెట్‌బ్యాక్ అంకె ఒకటే. వంకర స్థలానికి అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

రూల్స్ అన్నీ మీటర్లలో ఉంటాయి, మనం మాట్లాడేది గజాల్లో. ఒక చదరపు గజం 0.836 చదరపు మీటర్లు. 200 గజాలంటే 167 చదరపు మీటర్లు, అంటే పట్టికలో 100 నుంచి 200 మీటర్ల వరుస. ఈ వరుసలో రోడ్డు 18 మీటర్ల లోపు ఉంటే ముందు 1.5 మీటర్లు, మిగతా అన్ని వైపులా 1 మీటరు వదలాలి. ఎత్తు 10 మీటర్ల దాకా, అంటే గ్రౌండ్ ప్లస్ రెండు అంతస్తులు.

"మిగతా అన్ని వైపులా" అన్న మాట వంకర స్థలం ఉన్నవాళ్ళకు మేలే చేస్తుంది. ఐదు మూలల స్థలంలో ఏది పక్క, ఏది వెనక అని తేల్చడం కష్టం. మన పట్టిక ఆ తగువు పెట్టదు. రోడ్డు వైపు ముందు, మిగిలినవన్నీ ఒకటే లెక్క.

ఇక కొలిచే తీరు. హద్దు గీతకు నిటారుగా, అంటే మట్టం పలక పెట్టినట్టు లంబంగా కొలవాలి. ఆ గీత పొడవునా ఎక్కడ కొలిచినా కనీస అంకె తగ్గకూడదు. మేస్త్రీలు చాలాసార్లు "ఒక చివర మూడడుగుల లోపున్నా ఇంకో చివర ఆరడుగులుంది కదా, సరిపోతుంది" అంటారు. సరిపోదు. ఇది సగటు లెక్క కాదు. గోడ మూల ఒక్కటి ముందుకు పొడుచుకొచ్చినా అది ఉల్లంఘనే. వంకర హద్దు పక్కన నేరు గోడ కడితే ఒక మూల దగ్గరికి, ఇంకో మూల దూరంగా వస్తుంది. దగ్గరున్న ఆ మూలనే అధికారి టేపు పెట్టి చూస్తాడు.

ఒకే 200 గజాలు, ఐదు ఆకారాలు

ఇప్పుడు అసలు లెక్క. అన్నీ 200 గజాలే, అంటే 1800 చదరపు అడుగులు. సెట్‌బ్యాక్‌లు పైన చెప్పినవే.

మొదట 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవున్న మామూలు ప్లాటు. సెట్‌బ్యాక్‌లు పోగా 23 అడుగుల 5 అంగుళాల వెడల్పు, దాదాపు 52 అడుగుల పొడవు మిగులుతుంది. ఒక్కో అంతస్తుకు సుమారు 1214 చదరపు అడుగులు. రెండు బెడ్‌రూములు, హాలు, వంటగది, పూజగది, మెట్లు ఇబ్బంది లేకుండా వస్తాయి.

రెండోది 20 అడుగుల వెడల్పు, 90 అడుగుల పొడవు, రైలుపెట్టె లాంటి స్థలం. 1100 చదరపు అడుగులు మిగులుతాయి కానీ లోపల వెడల్పు పదమూడున్నర అడుగులు కూడా ఉండదు, గోడల మందం తీస్తే ఇంకా తక్కువ. గది వెనక గది తప్ప వేరే దారి లేదు.

మూడోది, నాలుగోది మనవాళ్ళు వాస్తు పేరుతో బాగా మాట్లాడుకునేవి. గోముఖం అంటే ముందు సన్నం, వెనక వెడల్పు. సింహముఖం దానికి తలకిందులు. ముందు 20, వెనక 40, లోతు 60 అడుగుల గోముఖంలో దాదాపు 1224 చదరపు అడుగులు కట్టుకోవచ్చు. అదే స్థలాన్ని తిప్పి, ముందు 40, వెనక 20 చేస్తే 1195. గోముఖానికి మామూలు ప్లాటు కన్నా కాస్త ఎక్కువే వచ్చింది, చూశారా. కారణం వాస్తు కాదు. ఎక్కువ వదలాల్సింది ముందు వైపు. గోముఖంలో ఆ వైపు సన్నగా ఉంటుంది కాబట్టి నష్టం తక్కువ. రోడ్డు వెడల్పు పెరిగి ముందు సెట్‌బ్యాక్ 3 మీటర్లైతే ఈ తేడా ఇంకా పెరుగుతుంది. కాబట్టి క్రాస్ అన్న ప్రతి ప్లాటూ చెడ్డది కాదు. రెండు పక్కలా కొంచెం వాలుగా ఉండి, నాలుగు మూలలూ సుమారుగా తెరుచుకుని ఉన్న స్థలం తక్కువ ధరకు వస్తుంటే అది నిజంగానే బేరం కావచ్చు.

ఐదోది త్రికోణం. జాగ్రత్త పడాల్సింది దీనితోనే. రోడ్డు వైపు 60 అడుగులు, పక్కన 60 అడుగులు, మూడో వైపు ఏటవాలుగా 85 అడుగులు. సెట్‌బ్యాక్‌లు తీస్తే 1112 చదరపు అడుగులు మిగులుతాయి. అంకె చూస్తే ఫర్వాలేదనిపిస్తుంది, ప్లాన్ గీసేవాడు కూడా ఈ అంకే చెప్పొచ్చు. కానీ ఆ 1112 కూడా త్రికోణమే. త్రికోణంలో పట్టే అతి పెద్ద నలుచదరం దాని విస్తీర్ణంలో సగం దాటదు, ఇది ఎంత మంచి ఇంజనీరైనా మార్చలేని లెక్క. అంటే నేరు గోడల ఇల్లు కావాలంటే ఇరవై మూడున్నర అడుగుల చదరం, 556 చదరపు అడుగులు. మొదటి ప్లాటులో సగం కన్నా తక్కువ. మరీ సన్నటి త్రికోణం, రోడ్డు మీద 30 అడుగులు, లోతు 120 అడుగులు ఐతే 489 అడుగులకు పడిపోతుంది, అదీ 11 అడుగుల వెడల్పులో.

ఏటవాలు గోడ కట్టుకుంటే కొంత తిరిగి వస్తుంది. బుద్ధిగా గీసే ఇంజనీరైతే ఒక్క గోడనే ఏటవాలుగా ఉంచి, సన్నటి మూలలో మెట్లు, బాత్రూమ్, స్టోర్ పెడతాడు. మంచం, బీరువా పెట్టే గదులు నేరుగా వస్తాయి. ఇలాంటి ప్లాన్‌కు ఫీజు కొంచెం ఎక్కువైనా పెట్టండి. మేస్త్రీ చేత నేల మీద గీయించుకుని మొదలుపెట్టే స్థలం కాదిది.

గజాల బేరంలో ఇంకో బోల్తా

స్థలం విస్తీర్ణం 200 చదరపు మీటర్లు, అంటే సుమారు 239 గజాలు దాటిందంటే పట్టికలో వరుస మారుతుంది. 200 నుంచి 300 మీటర్ల వరుసలో, 12 మీటర్ల లోపు రోడ్డుకు ముందు 2 మీటర్లు వదలాలి. మిగతా వైపులా 7 మీటర్ల ఎత్తు ఇంటికి 1 మీటరు, 10 మీటర్ల ఎత్తుకు 1.5 మీటర్లు.

ఇది ఎందుకు చెప్తున్నామంటే, వంకర ప్లాటు పక్కన ఒక ముక్క మిగిలి ఉంటుంది. "ఈ పది గజాలు కూడా తీసుకోండి, స్థలం సరౌతుంది" అంటారు. మీకు 235 గజాలు, 60 అడుగుల లోతు ఉందనుకోండి. 10 మీటర్ల ఎత్తుకు అంతస్తుకు సుమారు 1486 చదరపు అడుగులు వస్తాయి. ఇంకో పది గజాలు కలిపి 245 చేశారు. వరుస మారింది. అదే ఎత్తుకు ఇప్పుడు వచ్చేది 1306. డబ్బు పెట్టి స్థలం కొన్నారు, అంతస్తుకు 180 అడుగులు పోగొట్టుకున్నారు. గ్రౌండ్ ప్లస్ ఒకటి చాలనుకుంటే ఈ నష్టం రాదు, 1514 అడుగులు వస్తాయి. ఎన్ని అంతస్తులు కడతారో ముందే తేల్చుకోవాలన్నది ఇందుకే.

సన్నటి స్థలాలకు రూల్స్‌లోనే ఒక వెసులుబాటు ఉంది, చాలామంది వాడుకోరు. పొడవు వెడల్పుకు నాలుగింతలున్న స్థలంలో పక్కల సెట్‌బ్యాక్ తగ్గించుకుని ఆ మేరకు ముందు, వెనక ఎక్కువ వదలొచ్చు. 12 మీటర్ల ఎత్తు దాకా పక్కన కనీసం 1 మీటరు ఉండాలి, కట్టుబడి విస్తీర్ణం పెరగకూడదు. 24 అడుగుల వెడల్పు, 100 అడుగుల పొడవున్న స్థలం 223 చదరపు మీటర్లు అవుతుంది. 10 మీటర్ల ఎత్తుకు పక్కన 1.5 వదిలితే లోపల 14 అడుగులే. ఈ వెసులుబాటుతో 17 అడుగులు దాటుతుంది. పద్నాలుగడుగుల్లో ఒక గది, నడవా ఇరుకు. పదిహేడులో రెండూ కుదురుతాయి. ఐతే ఈ ఆకారం కోసమే తయారుచేసుకున్న స్థలాలకు ఇది వర్తించదని రూల్‌లోనే రాశారు. కాబట్టి అన్నదమ్ములు పెద్ద ప్లాటును సన్నటి పట్టీలుగా చీల్చుకునే ముందు ఇంజనీరుతో ఒక మాట మాట్లాడండి.

అసలు ఎందుకు వంకరగా ఉంది?

ధర కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. వెంచర్ మధ్యలో ప్లాట్లన్నీ నలుచదరంగానే కోస్తారు. వంకర ముక్కలు మిగిలేది అంచుల్లో: కాలువ గట్టు వెంట, చెరువు శిఖం పక్కన, రోడ్డు మలుపులో, పక్క రైతు పొలం హద్దు మీద. ఒక్కో అంచుకు ఒక్కో రూల్ ఉంది.

కాలువ, వాగు, నాలా వెడల్పు 10 మీటర్ల లోపైతే దాని హద్దు నుంచి 2 మీటర్లు, 10 మీటర్లు దాటితే 9 మీటర్లు కట్టుబడి లేకుండా వదలాలి. చెరువు పది హెక్టార్ల కన్నా చిన్నదైతే దాని పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 9 మీటర్లు, పది హెక్టార్లు, ఆపైన ఐతే 30 మీటర్లు. 30 మీటర్లంటే 98 అడుగులు. 60 అడుగుల లోతున్న ప్లాటు మొత్తం అందులో మునిగిపోతుంది. వేసవిలో తీసిన వీడియోలో చెరువు ఎండిపోయి మైదానంలా కనపడుతుంది, ఆ పచ్చిక చూసి మురిసిపోకండి.

రోడ్డు మలుపులో, రెండు రోడ్లు కలిసే చోట ఉన్న స్థలానికి మూల కోసి వదలాలి. 12 మీటర్ల లోపు రోడ్లకు అటు 3, ఇటు 3 మీటర్లు. నలుచదరపు మూల ఐతే సుమారు ఐదున్నర గజాలు పోతాయి. ముందున్న రోడ్డు ఉండాల్సిన దానికన్నా ఇరుకైతే విస్తరణకు కూడా జాగా వదలాలి. సెట్‌బ్యాక్ కొలిచేది ఆ జాగా వదిలాక మిగిలిన హద్దు నుంచి. అమ్మేవాడు చూపించే రాళ్ళు మాత్రం పాత హద్దు మీదే ఉంటాయి.

వాస్తు సంగతి కూడా ఒక మాట. ఈశాన్యం పెరిగిన స్థలమని ఎక్కువ ధర చెప్తారు. మరికొందరు స్థలం సరిచేయాలంటూ ప్రహరీని నేరుగా కట్టించి, వంకర ముక్కను గోడ బయట వదిలేయిస్తారు. నమ్మకం మీ ఇష్టం. కానీ బయట వదిలిన ముక్కలో ఏడాది తిరిగేసరికి పక్కవాళ్ళ ఇటుకలో, గడ్డివామో ఉంటుంది. మీరు సెలవుకు వచ్చేదాకా అడిగే వాళ్ళుండరు. కనీసం కడీలు పాతి, తీగ చుట్టించండి.

ఇంటివాళ్ళ చేత చేయించాల్సిన కొలత

నాలుగు వైపుల పొడవులు తెలిస్తే విస్తీర్ణం తెలిసినట్టే అనుకుంటాం. నిజం కాదు. 30, 60, 30, 60 అని కాగితంలో ఉంది. మూలలు మట్టంగా ఉంటే అది 200 గజాలే. స్థలం ఒక పక్కకు ఒరిగి, అసలు లోతు 56 అడుగులే ఐతే నాలుగు వైపులా టేపు అదే చూపిస్తుంది, విస్తీర్ణం మాత్రం 187 గజాలకు తగ్గుతుంది. 13 గజాల డబ్బు గాలికి పోయినట్టే.

దీన్ని పట్టుకోవడానికి ఐమూల కొలత చాలు. ఒక మూల నుంచి ఎదురు మూలకు, మళ్ళీ ఇంకో జత మూలలకు టేపు పట్టించండి. 30x60 మట్టం స్థలంలో రెండూ 67 అడుగుల 1 అంగుళం రావాలి. పైన చెప్పిన ఒరిగిన స్థలంలో ఒకటి 76 అడుగులు, ఇంకోటి ఇంచుమించు 56న్నర వస్తాయి. మీ తమ్ముడో, వదినో, బావమరిదో ఒక పూటలో చేసే పని. నాలుగు వైపులు, రెండు ఐమూలలు, మొత్తం ఆరు కొలతలు ఫోటో తీసి పంపమనండి. ఆ ఆరు కొలతలుంటే నాలుగు మూలల స్థలాన్ని ఏ ఇంజనీరైనా ఖచ్చితంగా గీసి, ఎన్ని అడుగుల ఇల్లు వస్తుందో చెప్పగలడు. సేల్ డీడ్‌లో హద్దులతో పాటు ఈ కొలతలున్న స్కెచ్ కూడా జత చేయించండి. "మొత్తం 200 గజాలు" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే రేపు తగువొస్తే ఏమీ తేలదు.

పర్మిషన్ వెంటనే వస్తుంది కదా అంటే

2020 చట్టంతో వచ్చిన టీఎస్‌బీపాస్ పద్ధతిలో 75 గజాల లోపు ఇంటికి రిజిస్ట్రేషన్ చాలు, 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు దాకా స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వచ్చే ఏర్పాటు చేశారు. తర్వాత దాని స్థానంలో బిల్డ్‌నౌ తెచ్చారు. వెంటనే రావడం మంచిదే. కానీ స్వీయ ధ్రువీకరణ అంటే "నేను చెప్పినదంతా నిజం" అని మీరు సంతకం పెట్టడం. ప్లాన్‌లో స్థలాన్ని నలుచదరంగా గీసి పంపినా కాగితం రావచ్చు. తర్వాత అబద్ధమని తేలితే నోటీసు లేకుండానే కూల్చే అధికారం ఆ చట్టంలో ఉంది. సంతకం ఎవరిది అని అడిగితే, స్థలం మీ పేరు మీద ఉంటే మీదే. ప్లాన్ గీసినవాడిది, మేస్త్రీది కాదు.

మీ బదులు ఇంటివాళ్ళు సంతకాలు పెట్టాలంటే పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. దాన్ని మీరున్న దేశంలోని భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించి పంపండి. అది ఇండియాకు చేరిన మూడు నెలల లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. చాలా కాగితాలు బీరువాలోనే ఉండి ఈ గడువు దాటేస్తాయి. పవర్‌లో ఏ పనికి అధికారం ఇస్తున్నారో రాయించండి. ప్లాన్ పెట్టడానికి ఇచ్చే కాగితంలో అమ్మే అధికారం ఉండక్కర్లేదు.

కట్టేటప్పుడు రెండు చిన్న సంగతులు పెద్ద తలనొప్పి ఔతాయి. సెట్‌బ్యాక్‌లోకి బాల్కనీ రాకూడదు, సజ్జ మాత్రం 60 సెంటీమీటర్ల దాకా రావొచ్చు. కింద గోడ సరిగ్గా పెట్టి, పైన రెండడుగుల బాల్కనీ బయటికి లాగడం మనదగ్గర మామూలు, అదీ ఉల్లంఘనే. రెండోది, ఇటుక గోడను సరిగ్గా మీటరు దూరంలో పెడితే ప్లాస్టరింగ్ ఐనాక ఒక అంగుళం తగ్గుతుంది. 1 మీటరంటే 3 అడుగుల 3 అంగుళాలు దాటి కొంచెం. మేస్త్రీకి మూడున్నర అడుగులని చెప్పండి. "కొద్దిగా తేడా ఉంటే ఫైన్ కట్టేద్దాం" అనే మాట నమ్మి గోడ లేపకండి.

పునాదికి ముగ్గు పోసే రోజు మీ డ్యూటీ చూసుకుని వీడియో కాల్ పెట్టించుకోండి. వంకరగా ఉన్న వైపు హద్దు వెంట దారం కట్టించి, దారం నుంచి ముగ్గు గీత దాకా రెండు చివర్లా, మధ్యలో ఒకసారి టేపు అంకె కెమెరాకు చూపించమనండి. తేడా ఉంటే గీత చెరిపి మళ్ళీ పోయించడానికి అరగంట పడుతుంది. పిల్లర్ గుంతలు తవ్వింది మరుసటి రోజు ఐతే చాలు.